కందిరీగయు గృహస్థధర్మమును

మన ధర్మశాస్త్రకారులు సన్న్యాసిని గూర్చి ఎంత ఉన్నతముగా వ్రాసిరో, గృహస్థుని గూర్చి అంత నిష్కపటముగా వ్రాసిరి. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ అను ఈ అయిదును ప్రతి యింటను ఉండు వధ్యస్థానములనియు, వీనిని వాడుకొను గృహస్థుడు తెలిసియో తెలియకయో దినదినమును క్రిమికీటకములను చంపుచునే యుండుననియు, ఆ దోషనివృత్తికై పంచమహాయజ్ఞములు విధింపబడినవనియు మనుస్మృతి తృతీయాధ్యాయము చెప్పుచున్నది. ఆ యజ్ఞములలో భూతయజ్ఞమొకటి. వండిన అన్నములో కొంత తీసి కాకులకును కుక్కలకును క్రిములకును నేలపై ఉంచుట అందలి విధి. ఏ చేతితో చీపురు పట్టి పురుగును ఊడ్చివేసెనో ఆ చేతితోనే పురుగునకు పిడికెడన్నము పెట్టవలెనన్నమాట. చంపక బ్రతుకలేని వాడవే, కాని చంపుచున్నానను సంగతి మరచి బ్రతుకవద్దు అని శాస్త్రకారుడు గృహస్థునకు చెప్పినట్లు నాకు తోచుచున్నది.

హైదరాబాదులోని అమీర్‌పేటలో నేడు రోలు లేదు. సన్నికల్లు ఏ యింటి అటకమీదనో పడియున్నది. నీళ్లకుండకు మారుగా ప్లాస్టిక్ డబ్బా వచ్చినది. మనువు లెక్కించినవి ఈవిధముగా కొన్ని మాయము కాగా, ఆయన ఎరుగనిది యొకటి వంటింటి అలమరలో వచ్చి చేరినది. అది పురుగుల మందు డబ్బా. దోమకును బొద్దింకకును కొన్న ఆ డబ్బాను కందిరీగ తుట్టెపైకి ఎత్తునపుడు మాత్రము గృహస్థుని చేయి ఒక్క క్షణము ఆగును. అట్లాగుటలో సగము భయము, సగము సంకోచము. పిల్లలు తిరుగు వాకిట విషపుటీగలను ఉండనిచ్చుట ధర్మమా, ఎవరి జోలికి రాని ప్రాణుల ఇల్లు కూల్చుట ధర్మమా యను ప్రశ్న అతని మనస్సున మెదలును. ఈ ప్రశ్నను చిన్నదని త్రోసివేయువారు గృహస్థధర్మమంతయు ఇట్టి చిన్న ప్రశ్నలతోనే అల్లబడినదని మరచుచున్నారు.

అమీర్‌పేటలోని మైత్రీవనము చుట్టుపట్ల సందులలో ఉద్యోగశిక్షణకై జిల్లాలనుండి వచ్చిన యువకులతో క్రిక్కిరిసిన హాస్టళ్లు ఒకదాని నొకటి ఆనుకొని నిలిచియున్నవి. మెట్రో రైలు మార్గములు రెండు అమీర్‌పేట స్టేషనులో కలిసికొనును. పంజాగుట్ట కూడలిలో వాహనముల రొద ప్రొద్దుపోయినను సద్దుమణగదు. చెట్టునకే చోటు కరువైన ఈ పేటలలో కందిరీగకేమి పని యని కొందరనుకొందురు. కాని దానికి కావలసినది వాన తగులని నీడ, నమలి గుజ్జుచేయుటకు ఎండిన కొయ్యనార, పిల్లలకు పెట్టుటకు పురుగు, తాను త్రాగుటకు ఇంత తీపి. కిటికీ సజ్జల అడుగుభాగములు, ఏసీ యంత్రముల వెనుకటి ఇరుకులు, ప్రకటన పలకల వెనుక ప్రక్కలు, గొట్టములు దిగు డక్టులు దానికి కొండగుహలకంటె సుఖప్రదములు. చెరుకురసపు బండ్లు, మిఠాయి దుకాణములు, మ్రగ్గిన పండ్ల తోపుడుబండ్లు ఉండనే యున్నవి. నగరము కందిరీగను వెడలగొట్టలేదు సరికదా, దానికి విడిది కట్టి విందు పెట్టినది.

ఇక్కడ మొదటి వివేకము ఒకటి కావలెను. కందిరీగ యను ఒక్క పేరుక్రింద మనము పిలుచునది ఒక్క ప్రాణి కాదు. తలుపు మూలలోనో, పుస్తకముల బీరువా వెనుకనో, తాళపు రంధ్రమునందో తడిమట్టి ఉండలు తెచ్చి గూడు మెత్తునది యొక జాతి. నడుము దారమువలె సన్నమై, పసుపు నలుపు కాళ్లు వ్రేలాడవేసికొని ఒంటరిగా తిరుగును. వీనిలో ఒకదానికి శాస్త్రజ్ఞులు మద్రాసు పేర మద్రాస్‌పతనమని నామకరణము చేసిరి. దీనికి సంఘము లేదు, సేన లేదు, గూటికి కావలి కాయు అలవాటును లేదు; చేత పట్టి నలిపిననే గాని మనుష్యుని కుట్టదు. రెండవది కొయ్యనారను లాలాజలముతో కలిపి కాగితమువంటి పదార్థము చేసి, ఆరు మూలల గదులతో తుట్టె కట్టునది. మన దక్షిణదేశమున విరివిగా కనబడు రొపాలిడియా యను కందిరీగను బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్కర్ అను పండితుడు దశాబ్దములు పరిశీలించి, ఆ తుట్టెలోని రాణి తక్కినవానిపై కలహించి పెత్తనము చేయునది కాదనియు, అత్యంత శాంతస్వభావ యనియు, ఒక విధమైన రసాయనవాసనచేతనే తన ఉనికిని తెలుపుచు తానొక్కతెయే సంతానమును కనుచుండుననియు కనుగొనెను. రాజ్యతంత్రము ఎరిగినవారు ఈ రాణివద్ద నేర్చుకొనదగినది కొంత కలదు. ఇది కుట్టును, కాని గూటికి అపాయము తోచినపుడే కుట్టును. మూడవది బొటనవ్రేలి పొడవున, పొట్టపై పసుపుపచ్చని లేక ఎర్రని పట్టెతో ఉండు పెద్ద కందిరీగ. చెట్టుతొర్రలలోను పాడు గోడలలోను కాపురముండు దీని తుట్టెలో వందలకొలది ఉండును. ఒకదానిని నలిపినచో దాని విషపువాసన తక్కినవానిని యుద్ధమునకు పిలుచును. భయపడదగినది ముఖ్యముగా ఈ మూడవదానికి.

మొదటి జాతి నిరపాయమంటిని. ఒక అపవాదము చెప్పి ముందునకు సాగుదును. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ తీరమున సముద్రమున కూలిన విమానములో 189 మంది మృతిచెందిరి. నిలిపియుంచిన దినములలో విమానవేగమును కొలుచు గొట్టమునందు మట్టిగూటి కందిరీగ యిల్లు కట్టుటయే దానికి మూలమైయుండవచ్చునని విచారణాధికారులు ఊహించిరి. 2008 మార్చి వరకు అమీర్‌పేట మేడలమీదుగా విమానములు బేగంపేటలో దిగుచుండెడివి గనుక ఈ సంగతి మన పేటవారికి వింతగా వినబడకపోవచ్చును. ఆ ప్రాణికి మనుష్యుని కుట్టవలెనను సంకల్పమే లేదు. అయినను ఏమరుపాటున మూతవేయని ఒక రంధ్రము అంతటి మృత్యుద్వారమైనది. ఈ ఏమరుపాటను మాట మరల రానున్నది.

ఇక వేదాంతమునకు వత్తును. ఈ మట్టిగూటి కందిరీగయే మన వేదాంతులకు పరమప్రియమైన ప్రాణి. భాగవతము ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తన యిరువదినలుగురు గురువులను వర్ణించును. భూమితో మొదలైన ఆ పరంపరలో కడపటి గురువు ఈ గూడుకట్టు కీటకము. అది ఒక పురుగును తెచ్చి గూటిలో ఉంచి మూసివేయగా, ఆ పురుగు భయముచేత దానినే తలచి తలచి, తన శరీరము విడువకయే దాని రూపము పొందునని చెప్పుదురు. అపరోక్షానుభూతియందును వివేకచూడామణియందును ఈ దృష్టాంతమే జీవబ్రహ్మైక్యమునకు సాక్ష్యముగా వచ్చినది. లోకము దీనిని భ్రమరకీటకన్యాయ మనుచున్నది. సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు శిశుపాలుని ముక్తిని వివరించునపుడు ఈ న్యాయమునే చూపి, కామముచే గోపికలు, భయముచే కంసుడు, ద్వేషముచే శిశుపాలుడు భగవంతుని చేరిరని తేల్చెను. భక్తిచేత తలచినను భయముచేత తలచినను మనస్సు దేనియందు లగ్నమైనదో దాని రూపమునే అది తాల్చునని సిద్ధాంతము.

ప్రకృతిని చూచువారి కన్నులకు ఈ గూటిలో జరుగునది వేరు. కందిరీగ గొంగళిపురుగును కుట్టి చంపదు. చైతన్యమడచి కదలకుండ చేయును. దానిప్రక్కన గ్రుడ్డు పెట్టి గూడు మూసివేయును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల, చెడిపోని ఆ సజీవాహారమును మెల్లమెల్లగా తిని పెరిగి, రెక్కలు వచ్చిన పిమ్మట మట్టి పగులగొట్టుకొని వెలికి వచ్చును. మన పూర్వులు చూచినది నిజమే: లోనికి పురుగు పోయినది, వెలుపలికి కందిరీగ వచ్చినది. నడుమ జరిగినదానిని మాత్రము మూసిన మట్టి వారికి చూపలేదు. ఫ్రాన్సు దేశమున ఫాబ్రె యను కీటకశాస్త్రవేత్త 19వ శతాబ్దమున ఎండలో బోర్లపడుకొని గంటలకొలది ఈ వ్యవహారమును పరికించి వ్రాసినవి నేటికిని చదువదగినవి. అదే శతాబ్దమున, 1860లో, డార్విన్ తన మిత్రుడైన అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రేకు వ్రాసిన లేఖలో, గొంగళిపురుగుల సజీవశరీరములలో పెరుగు ఇట్టి ఈగలను దయామయుడైన సర్వశక్తుడు బుద్ధిపూర్వకముగా సృజించెనని తాను నమ్మజాలనని విన్నవించుకొనెను. ఎంత వింత! ఒకే దృశ్యము మన ఆచార్యునకు మోక్షమునకు దృష్టాంతమైనది, ఆ ఆంగ్లేయునకు దేవుని దయను శంకించుటకు హేతువైనది.

అట్లయిన మన న్యాయము తప్పిపోయినదా? నేనట్లనుకొనను. దృష్టాంతమునకు ఒక్క అంశమున సామ్యము చాలునని తార్కికులు చెప్పుదురు. మనస్సు భయముచేతనైనను దేనిని ఎడతెగక ధ్యానించునో దానిగా మారుననుట కీటకముల విషయమున అసత్యమైనను మనుష్యుల విషయమున సత్యము. అది ఈ వ్యాసమున నాకు మిక్కిలి అక్కరకు వచ్చు సత్యము కూడ. డార్విను సందేహమునకు సమాధానము నా వద్ద లేదు. దయామయుడైన సృష్టికర్త యొకడు కూర్చుండి ప్రతి ప్రాణిని వేరువేరుగా మలచెనను ఊహ మన దర్శనములలో చాలవానికి లేదు గనుక ఆ సందేహపు పదును మనకు అంతగా తగులకపోవచ్చును. కాని గొంగళిపురుగునకు తగిలిన బాధ దర్శనమునుబట్టి తగ్గదు గదా.

పూజార్హమైన చెట్టును గూర్చి ఒక్కమాట. వేమన మేడిపండు పొట్టలోని పురుగులను పిరికివాని బింకమునకు పోలికగా వాడుకొనెను. నాటినుండి ఆ పురుగులకు తెలుగుదేశమున మంచిపేరు లేదు. అవి కందిరీగల జ్ఞాతులైన సూక్ష్మకీటకములు. మేడి, రావి, మఱ్ఱి చెట్ల పూవులు కాయలోపలనే మూసికొనియుండును. ఆ యీగ సూదిబెజ్జమువంటి ద్వారమున దూరి పుప్పొడి చేర్చిననే విత్తు కట్టును. ఈగ లేనిచో రావిచెట్టునకు సంతానము లేదు. దత్తాత్రేయుడు కూర్చుండు ఔదుంబరమునకును లేదు. రావిచుట్టు ప్రదక్షిణములు చేసివచ్చి గుమ్మముపై కందిరీగను చూచి అసహ్యించుకొను ఇల్లాలు ఈ బాంధవ్యము నెరుగదు.

అయితే పవిత్రత యొకటి, శరీరమున ఎక్కిన విషమొకటి. ఈ పేటలకు ప్రక్కనున్న బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొనెను. దోమ ఒకని రోగమును మరియొకనికి మోయునది. కందిరీగ అట్టిది కాదు. దానిది కేవలము తన విషము, అదియును ఆత్మరక్షణకే. గ్రుడ్లు పెట్టు అవయవమే ఆయుధముగా మారినది గనుక ఆడుదానికే ముల్లు కలదు. తేనెటీగ ముల్లు మన చర్మమున దిగబడి తెగిపోవును. కందిరీగ ముల్లు నునుపైనది, అందుచేత ఒక్కటే పలుమార్లు కుట్టగలదు. చాలమందికి మంట, ఎరుపు, వాపు. ఒకటి రెండు దినములలో తగ్గును. కొందరికి చేయి మోచేతివరకును వాచి వారమునకుగాని తగ్గదు. మరికొందరికి మాత్రము ఒక్క కాటుతోనే నిమిషములలో ఒడలంతయు దద్దురులెక్కి, పెదవులు నాలుక ఉబ్బి, గొంతు బిగిసి, ఊపిరి ఆడక, రక్తపుపోటు పడిపోవును. ఈ విపరీతమును 1902లో పోర్టియే, రిషే యను ఫ్రెంచి వైద్యులు సముద్రజీవి విషమునిచ్చిన కుక్కలయందు గుర్తించి అనాఫిలాక్సిస్ అని పేరిడిరి. విషము కొద్దికొద్దిగా ఇచ్చినచో శరీరము దానికి అలవాటు పడునని వారు తలచిరి. మొదట తట్టుకొనిన కుక్క కొన్ని వారముల పిమ్మట అతిస్వల్పమాత్రకే చనిపోయినది.

కర్ణుని కథ మనకు చిన్ననాటనే చెప్పుదురు. తొడపై తలపెట్టి గురువు నిద్రించుచుండగా కీటకము తొలిచినను కదలని ఆ ధైర్యము మెచ్చదగినదే. కాని దానినుండి మన యువకులు నేర్చుకొనిన పాఠము, పురుగు కాటునకు అబ్బాయని అనువాడు పిరికి యని. ఇది ప్రమాదకరమైన అవివేకము. నొప్పిని ఓర్చుకొనుటకును రక్తపుపోటు నిలుచుటకును సంబంధము లేదు. కర్ణునివంటివాడైనను గొంతు వాచినచో ఊపిరి పీల్చలేడు. దీనికి ప్రధానౌషధము అడ్రినలిన్. దానిని పెద్దవారికి సాధారణముగా 0.5 మిల్లీగ్రాము తొడకండలో ఎక్కించవలెను, ఆలసింపక ఎక్కించవలెను. దురదమాత్ర దద్దురులను తగ్గించునేగాని మూసికొనిపోవు గొంతును తెరువలేదు. ఒకమారు తగ్గిన లక్షణములు కొన్ని గంటల పిమ్మట తిరుగబెట్టుటయు కలదు. అందుచేత వైద్యులు ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టుదురు. పెద్ద కందిరీగలు పదులకొలది కుట్టినచో మరియొక అపాయము కలదు. విషము కండరములను, ఎర్రరక్తకణములను విచ్ఛిన్నము చేయగా ఆ శిథిలములు మూత్రపిండములను దెబ్బతీయును. మూత్రము నల్లబడుట, తగ్గిపోవుట మరునాటికో మూడవనాటికో కనబడి, డయాలిసిస్ వరకు పోవచ్చును. కుట్టించుకొనినవాడు సాయంకాలమునకు లేచి తిరుగుచున్నాడు గదాయని తృప్తిపడరాదు.

మొదటి కాటు శరీరమునందు ఒక సంస్కారమును నాటిపోవును, తరువాతి కాటు ఆ సంస్కారమును ఫలింపజేయును అని వినిన వేదాంతి వెంటనే ఇది కర్మసిద్ధాంతమేయని ముచ్చటపడును. నేనును పడితిని. కాని ఈ ముచ్చట నన్ను కొంత భయపెట్టినది. వాని కర్మ అట్లున్నది, పోయినాడు అను మాట మన నాలుకపై ఎంత సులభముగా ఆడును! కర్మ జరిగినదానికి ఊరట చెప్పుకొనుటకు పనికివచ్చునేమో. జరుగనున్నదానికి నెపముగా వాడుట నాస్తికత్వముకంటె నీచము. బల్కంపేట ఎల్లమ్మ బావిలో వెలసిన తల్లి. ఆమె తీర్థము రోగములను మాన్పునని నమ్మి ఆషాఢమున కల్యాణమునకు వేలమంది వత్తురు. ఆ గుడికి పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి ఎంతో దూరము లేదు. మ్రొక్కు మ్రొక్కుకొనుచునే ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసికొనిపోవు తల్లులను నేను శాస్త్రసమ్మతలైన భక్తురాండ్రనందును. సున్నము పూసి, ఇనుము రాసి, మంత్రము వేయించి గంట పోగొట్టువారిని అట్లనలేను. కుట్టినచోటును సబ్బుతో కడిగి చల్లని గుడ్డ వేయుట చాలును, ఉంగరము గాజులు ముందుగా తీయుట మంచిది. సున్నము చర్మమును కాల్చునేగాని విషమును హరింపదు.

ఇక హింసాహింసల తగవు. అరణ్యపర్వమున ధర్మవ్యాధుడు కౌశికునకు చెప్పినది జ్ఞప్తికి తెచ్చుకొనవలెను: దున్నువాడు నేలలోని ప్రాణులను చంపును, నడచువాడు కాలిక్రింది ప్రాణులను చంపును, హింసలేని బ్రతుకు లోకమున లేదు. ఈ వాక్యమును పట్టుకొని తోచినదెల్ల చంపుటకు బయలుదేరువానికి అణిమాండవ్యుని కథ అడ్డు నిలుచును. పసితనమున వినోదమునకై తూనీగలను పుల్లలకు గ్రుచ్చిన పాపమునకు ఆ ఋషి శూలముపై వ్రేలాడెను. అయితే ఆ శిక్ష అధికమని ఋషి యమధర్మునే శపించి శూద్రయోనిని విదురుడుగా పుట్టించెనని, పదునాలుగేండ్ల లోపు బాలునకు పాపమంటదని శాసించెనని కథాశేషము. వినోదమునకు చంపుట ఒక కొస, జీవితము నిలుపుకొనుటకు చంపుట మరియొక కొస. తీర్పు ఈ రెంటి నడుమ వెదకవలెను.

ఈ వెదకుటలో అందరికంటె సూక్ష్మముగా చూచినవారు జైనులు. కొలనుపాక వంటి తీర్థము మన తెలంగాణమున నేటికిని వెలుగుచున్నది గనుక వారి మాట మనకు పరాయిది కాదు. కందిరీగను వారు నాలుగింద్రియముల జీవిగా లెక్కించి, దాని వధను ఒంటి యింద్రియపు మొక్కను త్రుంచుటకంటె ఘోరమనిరి. కాని గృహస్థునకు హింసను నాలుగుగా విభజించిరి: సంకల్పముతో చేయునది, వంటవార్పులలో జరుగునది, వృత్తిలో జరుగునది, ఆత్మరక్షణకై తప్పక చేయునది. శ్రావకుడు మొదటిదానిని బొత్తిగా వర్జింపవలెను. తక్కినవానిని వీలైనంత తగ్గించుకొనవలెను. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసకిచ్చిన లక్షణము నాకు మరింత విలువైనదిగా తోచును. ప్రాణము తీయుట మాత్రమే హింస కాదు. ఏమరుపాటుతో కూడిన ప్రవర్తనచే ప్రాణము తీయుట హింస. దోషమును చేతినుండి మనస్సునకు మార్చిన సూత్రమిది.

ముసల్మానులలో ఒక కథ ప్రచారమున కలదు. మక్కాలో ఇమాం షాఫియీ ఏది అడిగినను ఖురానునుండి సమాధానమిత్తుననగా, యాత్రాదీక్షలో ఇహ్రాము ధరించినవాడు కందిరీగను చంపవచ్చునా యని ఒకడు ప్రశ్నించెనట. ప్రవక్త ఇచ్చినది గైకొనుడను వాక్యమునుండి మొదలిడి, ప్రవక్త తన పిమ్మట అబూబకరును ఉమరును అనుసరింపుడనెను, ఉమరు దీక్షితుడు కందిరీగను చంపవచ్చుననెను అని ఇమాము ముడి విప్పెనట. వేటాడి ప్రాణిని చంపరాని దీక్షలోనే హానికరమైనదానికి మినహాయింపు దొరకినది. అదే సంప్రదాయము చీమను, తేనెటీగను చంపవద్దనెను. అగ్నితో శిక్షించు అధికారము అగ్నికి ప్రభువైనవానికే యనెను. ఒక చీమ కుట్టినందుకు చీమలపుట్టనెల్ల కాల్పించిన పూర్వప్రవక్తను దేవుడు మందలించెనని చెప్పెను. హైదరాబాదులో అజాను వినబడని పేట లేదు గనుక, కిరోసిను గుడ్డ కఱ్ఱకు చుట్టి తుట్టెకు నిప్పంటించువారు, ఏ మతమువారైనను, ఈ మందలింపు వినదగుదురు.

నా నిర్ణయమును చెప్పెదను. తుట్టె తీయుట పాపము కాదు. తుట్టె పెరుగునంతవరకు చూడకుండుట పాపము. తొలిదినములలో సజ్జక్రింద ఒక్క తల్లియీగయు నాలుగైదు గదులును మాత్రముండును. ఆ తల్లి లేని వేళ ఒక పొడవు కఱ్ఱతో ఆ గదులను గీకివేసినచో, గ్రుడ్లు పోవుట తప్ప పెద్ద ప్రాణనష్టము లేదు; తల్లి మరియొకచోట కట్టుకొనును. ఇంటి యజమాని ఆ వైపు తలయెత్తి చూడక, అద్దెలు వసూలుచేసికొనుచు నెలలు గడుపును. అరచేయంత తుట్టె పళ్లెమంత యగును. ఒకనాడు ఎవనినో కుట్టగా ఇల్లంతయు కంపించును. అప్పుడు వచ్చును డబ్బా, అప్పుడు వచ్చును దివిటీ. పట్టపగలు, ఈగలన్నియు మేల్కొనియున్న వేళ, చొక్కాకూడ సరిగా లేని కుఱ్ఱవాని చేతికి నిప్పిత్తురు. తుట్టె కాలును, తీగలు కాలును, కుఱ్ఱవాడు కుట్టించుకొనును, వీధిని పోవు ముసలివాడు కుట్టించుకొనును. భయముచే కందిరీగనే ధ్యానించిన కీటకము కందిరీగ యైనదను న్యాయము ఇక్కడ అక్షరాల నిజమైనది: గూటికి భయము కలుగగానే ముందువెనుకలు చూడక ఎదురైనవానినెల్ల పొడుచు స్వభావము మనుష్యునకు సంక్రమించినది. కందిరీగకు అది స్వధర్మము. వివేకము కల మనుష్యునకు కాదు.

మట్టిగూటిని చూచి భయపడనక్కరలేదు. అది తలుపునకు, యంత్రమునకు అడ్డుపడనిచో అట్లే ఉండనిండు, అది మీ యింటి సాలెపురుగులను గొంగళ్లను తగ్గించును. జనము నడచు గుమ్మముపైనో పసిపిల్లలు ఆడు వసారాలోనో పెరిగిన కాగితపు తుట్టెను, ఎక్కడనున్నను పెద్ద కందిరీగల తుట్టెను, పని తెలిసినవానిచేత, చీకటిపడి ఈగలు గూటికి చేరిన వేళ, ఒడలంత కప్పుకొని తీయింపుడు. నిప్పు వాడనీయకుడు.

అమీర్‌పేట హాస్టళ్లు నడుపువారికి నాదొక మనవి. మీ యిండ్లలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు దూరమున ఉన్నారు. నెలకొకమారు సజ్జలను, డక్టులను, నీళ్ల ట్యాంకు మూతలను మీరే పోయి చూడుడు. చేరునాడే ప్రతి కుఱ్ఱవానిని ఇదివరకు ఈగకాటునకు దద్దురులు వచ్చెనా, ఊపిరి ఆడకపోయెనా యని అడిగి వ్రాసికొనుడు. ఎవరినైనను కుట్టినచో గదిలో ఒంటరిగా పడుకొనబెట్టకుడు. ఒక గంటసేపు ప్రక్కన మనిషిని కూర్చుండబెట్టుడు. పెదవి వాచినను, గొంతు మారినను, తల తిరిగినను 108కి ఫోను చేయుడు. 2005 ఆగస్టు 15న ఈ నగరముననే మొదలైన సేవ అది, దానికి రుసుము లేదు. కుట్టించుకొనినవాడు ఏమియు లేదని నవ్వుచు చెప్పినను వాని మాట వినకుడు.